పొయ్యి కొలత

ఐ.పోలవరం,
ఆదివారం.

చిరంజీవి శివాజీకి అమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అందరం అంటే ఇప్పుడు నేనూ, నాలుగు కోళ్ళూ. కోళ్ళు బాగున్నాయి. నీకు జ్వరం తగ్గిందనీ, వేళకి తింటున్నావనీ తలుస్తాను. ఇక్కడ మూడు రోజులుగా ముసురు పట్టింది. పడవలు వెళ్ళలేదు, రొయ్యలు రాలేదు, పొయ్యి వెలిగించలేదు. ఇలా చాప మీద కూర్చుని రాసుకునే తీరిక దొరికి ఎన్నాళ్ళయిందో. జైలు నించి నువ్వు చేసే ఆ ఐదు నిమిషాల ఫోనులో ఇవేవీ చెప్పలేను. నేను ఒకటి మొదలుపెడితే నువ్వు ఇంకోటి అడుగుతావు. దీన్ని నీకంటే ముందు మీ రాజమండ్రి సారు చదువుతారని తెలుసు. చదవనీ. ఆయనకి కూడా కాలక్షేపం కావాలి కదా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. పాక కప్పు కారుతోందా అని అడిగావు. కారడం లేదు. వానలకి ముందే అబ్బులు మేస్త్రీ మనిషిని పెట్టి తాటాకు కప్పించాడు. నా ఆయాసం సంగతి అడిగావు. నాకు ఆయాసం లేదు, అది మీ నాన్నతోనే పోయింది. కొత్త పొయ్యి నిజంగానే పొగ లేకుండా మండుతోందా, నిన్ను ఊరుకోబెట్టడానికి ఫోనులో అలా చెప్పానా అని అడిగావు. ఇది మాత్రం తీరిగ్గా చెబుతాను. ఇందులో నీ నాలుగో ప్రశ్నకి కూడా జవాబు ఉంది. అది ప్రశ్న కాదులే. "మిగిలిన పని బయటికి వచ్చాక చూసుకుంటాను" అని రాశావు. ఏ పనో నాకు తెలుసు. చదివిన సారుకీ తెలిసే ఉంటుంది. నాలుగు నెలల్లో బయటికి వచ్చే మనిషి రాయవలసిన మాటేనా అది?

పొగంటే కాలని కట్టే అని మీ నాన్న అనేవారు. ఇరవై రెండేళ్ళు మాణిక్యాలరావుగారి రొయ్యల పాకలో గాడిపొయ్యి ముందు పీట వేసుకుని, ఉప్పునీళ్ళ కళాయిల కింద సరుగుడు కట్టెలు ఎగదోసి ఎగదోసి తెలుసుకున్న మాట. ఉడికిన రొయ్య ఎండకి వెళ్ళేది, ఆయన పొగలోనే ఉండేవారు. ఒకసారి ఖాళీ నూనె డబ్బాకి మేకుతో కింద ఒక వరస, పైన ఒక వరస కన్నాలు పొడిచి, మన పెరట్లో దాని మీద అన్నం వండి చూపించారు. అప్పుడు నువ్వు ఐటీఐలో ఉన్నావు. కింద కన్నాల గాలికి కట్టె మండుతుంది, పై కన్నాల గాలికి పొగ మండుతుంది, గిన్నె అడుగున మసి కూడా పట్టదు. ఆ డబ్బా పట్టుకుని సంబరంగా మాణిక్యాలరావుగారి దగ్గరికి వెళ్ళారు. "పొయ్యికి కన్నాలేటయ్యా, లక్ష్మి కారిపోద్ది" అని నవ్వేశారట ఆయన.

ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పాక, పొయ్యి దగ్గర కాకుండా కాటా దగ్గర కూర్చోబెట్టమని అడిగారు మీ నాన్న. అప్పుడు మాణిక్యాలరావుగారు అన్న మాట నేను చచ్చేదాకా మరవను. పాకలో అందరూ వింటుండగా, "నువ్వు కాల్చిన చుట్టలకి నా పొయ్యి మీద నిందేత్తావేటి" అన్నారు. మీ నాన్న జన్మలో చుట్ట ముట్టలేదు. పొగలో బతికే మనిషికి ఇంకా పొగ ఎందుకే అనేవారు. ఇంటికొచ్చి పడుకున్న మనిషి తొమ్మిది నెలలు దగ్గి పోయారు. ఆ దగ్గులో కూడా "నేను చుట్ట తాగలేదని నీకు తెలుసు కదా" అని నన్ను అడిగేవారు. ఆయన పెద్దదినం నాడు మన విస్తరి ముందే కూర్చుని, "చుట్ట మానమని నే చెప్తానే ఉండేవోణ్ణి" అన్నారు మాణిక్యాలరావుగారు. నీ చేతికి వంట కట్టె దొరికింది. తరవాత సంగతి కోర్టులో చెప్పారు.

నువ్వు జైలుకి వెళ్ళిన రోజున నేను ఏడవలేదని అందరూ అనుకున్నారు. ఏడుపు రాలేదు. పళ్ళు కొరుక్కుంటున్నాను. ఆయన పొయ్యి ఆర్పాలి, అదీ మీ నాన్న మాటతోనే ఆర్పాలి అనుకున్నాను. ఆ వారమే మన పాకలో సొంతంగా రొయ్యల పొయ్యి కట్టించడానికి అబ్బులు మేస్త్రీని పిలిచాను.

మొదట గాడి అడుగున ఇనప కమ్మీలు పరిచి జల్లి కట్టించాను. కట్టె నేల మీద కాకుండా దాని మీద ఉంటుంది, బూడిద కిందకి రాలుతుంది, గాలి అడుగునించి వస్తుంది. పొయ్యి నోరు సగానికి మూయించాను. గోడలు రెండు వరసలు వేసి మధ్యలో గాలికి సన్నటి సందు వదిలి మిగతా అంతా ఊక బూడిద కూరాం, వేడి పక్కకి పోకుండా. పై వరస కన్నాలు ఆ గోడల మధ్య నించే గాలి తెచ్చుకుంటాయి, అందుకని వేడిగాలే వచ్చి పొగకి తగులుతుంది. చివర పద్నాలుగు అడుగుల పొగగొట్టం లేపాం. ఇంత చేసి వెలిగిస్తే కట్టెలు కర్పూరంలా హరించుకుపోయాయి గాని కళాయిలో నీళ్ళు గోరువెచ్చన దాటలేదు. మంటంతా గొట్టం లాగేసింది. అబ్బులు తలగోక్కుని, "పొగ పోయిందండి వొదినగారూ. దాంతోబాటు మంట కూడా పోయిందండి" అన్నాడు. గొట్టంలోకి అడ్డంగా ఒక రేకు దూర్చి, బెత్తెడు సందు ఉంచి మూస్తే దారికొచ్చింది.

కళాయి ఎత్తు కుదరడానికి ఇంకో నెల పట్టింది. జల్లి నించి కళాయి అడుగుకి రెండు జానలు పెడితే మంట మధ్యలో తెగి మసి పట్టేది. నాలుగు పెడితే అందేది కాదు. మూడు జానలకి కుదిరింది. పై కన్నాలు రెండు జానల ఎత్తున. పొయ్యి మీద ఎవరు వండుతారో వాళ్ళ చేత్తోనే కొలవాలని మా అమ్మ అనేది, అందుకని కొలతలన్నీ నా జానతోనే వేశాం. నా చెయ్యి నీకు తెలుసు కదా, గాజుల కొట్లో చిన్నపిల్లల గాజులు తీసిస్తారు.

ఇప్పుడు ముట్టించేటప్పుడు ఓ పావుగంట పొగ, తరవాత గొట్టం మీద ఆకాశం కనిపిస్తుంది. మామూలు గాడిపొయ్యికి మూడు రోజులు వచ్చే కట్టెలు వారం వస్తున్నాయి. రొయ్యకి పొగ కంపు లేదు. కాకినాడ నించి వచ్చే మురళీమోహన్‌గారు గుప్పెడు తీసుకుని వాసన చూసి, "అమ్మా, ఇక నించి మీ సరుకు నాకేనండి" అన్నారు. అంతకు ముందు ఆయన మాణిక్యాలరావుగారి మనిషి. ఆ పాకలో నించి నలుగురు ఆడవాళ్ళు ఇటు వచ్చేశారు, కళ్ళు మండవని. ఒక్కొక్కరు వచ్చిన రోజున ఒక్కొక్క మెట్టు ఎక్కినట్టు ఉండేది నాకు.

అచ్చాయమ్మని కూడా పిలిచాను. మీ నాన్న తరవాత అక్కడ ఆయన పీట మీద కూర్చుని మంట వేసేది ఆవిడే. మీ నాన్నకి చివరి రోజుల్లో రోజూ గంజి కాచి తెచ్చింది కూడా ఆవిడే. "నేనూ వచ్చేత్తే ఆయన పాక మూసుకోవాలి వొదినా. మా పిల్ల శారోన్‌కి హాస్టల్లో సీటు ఆయనే అడిగి ఇప్పించేరు, మాట పోద్ది" అంది. సరే అన్నాను గాని మనసులో ముల్లు గుచ్చుకుంది.

మాణిక్యాలరావుగారు రాజోలు నించి మేస్త్రీని పిలిపించారు, భాస్కర్ అని. అతను ఒక పొద్దున్న మన పాక గుమ్మంలో నిలబడి, "వీరదుర్గమ్మగారూ, మీ పొయ్యి సూద్దారని వచ్చేనండి. దొంగతనంగా సూడ్డం ఇష్టం లేదండి" అన్నాడు. ఆ మాటకి మెచ్చుకున్నాను. "ఆయ్, చూడండి" అన్నాను. ఆరడుగుల మనిషి, విసనకర్రంత చెయ్యి. జల్లి నించి కళాయికి ఎంత అంటే మూడు జానలు అన్నాను. పై కన్నాలు ఎంతెత్తు అంటే రెండు జానలు అన్నాను. రేకు సందు బెత్తెడు అన్నాను. ఒక్క మాట అబద్ధం చెప్పలేదు. అతను చెయ్యి చాపి గాల్లో జానలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

కట్టాడు. తన జానతో కట్టాడు. కళాయి మంటకి అందలేదు, కన్నాలు పొగకి అందలేదు. పాత పొయ్యి మీద పొగ ఒకంతయితే దీని మీద మూడంతలు. రొయ్యలు ఉడకబెడుతున్నారా, దోమలకి పొగేస్తున్నారా అని రేవులో నవ్వుకున్నారు. కాకినాడ వెళ్ళిన సరుకు బస్తాలు విప్పకుండా తిరిగొచ్చింది. శివాజీ, నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ నాలుగు రోజులూ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. పెరట్లో నిలబడి ఆ పొగ చూస్తూ మీ నాన్నతో మాట్లాడుకున్నాను. చూడండి, లక్ష్మి ఎలా కారిపోతోందో అన్నాను.

ఐదో రోజు పొద్దున్నే ఆయనే వచ్చారు. ఎడంచెయ్యి పొట్టకి ఆనించుకుని ఉన్నారు. నువ్వు కొట్టిన మోచెయ్యి ఇంకా సాగదు. కూర్చోండి అని కుర్చీ వేశాను, మంచినీళ్ళు ఇచ్చాను. ఎంత పగ ఉన్నా ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడే అలవాటు మనకి లేదు కదా.

"పొయ్యి మీరొచ్చి సరిచేసి పెట్టాలండి" అన్నారు.

"ఆయ్, వస్తానండి. కూలీ గీలీ వద్దండి. ఒక్క మాట కావాలండి."

"ఏ మాటండి?"

"మీరన్న మాటేనండి. తిరగేసి అనాలి. అన్నచోటే, అందరూ వింటుండగా అనాలండి."

ఆయన గ్లాసు కింద పెట్టారు. తరవాత లేచి, "రండి" అన్నారు. ఆయన ముందు, నేను వెనక, చినుకుల్లో ఆ పాకకి నడిచాం. రెండేళ్ళ తరవాత ఆ గుమ్మం తొక్కాను. రొయ్యలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. ఆయన గొంతు సవరించుకుని, "ఈవిడగారి ఆయన చుట్ట తాగలేదండి. ఎప్పుడూ తాగలేదండి. ఆ పొగ నా పొయ్యిదేనండి. నేనన్నది తప్పండి" అన్నారు. నాకు తృప్తి కలిగింది. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా అదే చెబుతాను. మీ నాన్న చనిపోయాక మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాను.

తరవాత పలుగు తీసుకుని ఆ పొయ్యి నేనే పగలగొట్టాను. రెండు రోజులు కూర్చుని, నా జానతో కొలిచి మళ్ళీ కట్టాను. ఇప్పుడది మన పొయ్యిలాగే మండుతోంది. మీ నాన్న చెప్పిన పొయ్యి మీద ఆయన రొయ్యలు ఉడుకుతున్నాయి. రోజూ ముట్టించినప్పుడల్లా ఎవరి పొయ్యో ఆయనకి గుర్తుకొస్తుంది. ఇంతకు మించిన పగ నాకు తెలీదు. అందుకని నువ్వు రాసిన ఆ మిగిలిన పని ఏమీ మిగల్లేదు. ఆయన్ని క్షమించమని నిన్ను అడగడం లేదు. నేనే క్షమించలేదు. ఆయన రెండో చేతి జోలికి వెళ్ళొద్దని మాత్రం అడుగుతున్నాను.

ఇక్కడ ఉత్తరం ముగిస్తే బాగానే ఉండేది. ఇందాక ముగించి మడత కూడా పెట్టాను. కోళ్ళకి నూకలు వేసి వచ్చి మళ్ళీ విప్పాను. పోయిన నెల ములాఖత్‌కి ఎందుకు రాలేదని నువ్వు అడిగావు, దానికి జవాబు రాయలేదు. ఆ జాలీకి ఇటు నేనూ అటు నువ్వూ, పక్కన పదిమంది అరుస్తుండగా చెప్పే మాట కాదు. నీ మొహం చూస్తూ అసలే చెప్పలేను.

పొయ్యి కుదిరిన రోజున అబ్బులు టేపు పట్టి, కొలతలన్నీ అంగుళాల్లో సుద్దతో గోడ మీద రాసి పెట్టాడు. ఇరవై ఒకటి, పద్నాలుగు, మూడు. మళ్ళీ ఎప్పుడైనా కట్టాలంటే పనికొస్తుందని. భాస్కర్ వస్తున్నాడని నాకు ముందురోజే తెలిసింది. ఆ పొద్దున్న లేచి, తడిగుడ్డ పిండుకుని, ఆ అంకెలన్నీ తుడిచేశాను. గోడ ఆరేదాకా విసిరాను కూడా. అతని చెయ్యి ఎంత ఉంటుందో నాకు తెలీదు, కాని మేస్త్రీ చెయ్యి నా చెయ్యంత ఉండదని తెలుసు. అతను గాల్లో జానలు లెక్కపెడుతుంటే, మీ జాన కాదండీ నా జాన అనాలి. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పొగ లేస్తుంది, సరుకు పాడవుతుంది, నలుగురూ నవ్వుతారు, అంతే అనుకున్నాను. పొగంటే కాలని కట్టే అని ఇరవై రెండేళ్ళు విన్నదాన్ని. కాలని కట్టె పొయ్యిలో నిండిపోతే ఏమవుతుందో నాకు తెలియాలి. నాలుగో రోజు సాయంత్రం మంట రాజుకోవడం లేదని అచ్చాయమ్మ వంగి ఊదుగొట్టంతో ఊదింది. లోపల నిండిన పొగంతా ఒక్కసారి భగ్గుమని పొయ్యి నోట్లోంచి బయటికి కొట్టింది. కనుబొమలు పోయాయి. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. మాణిక్యాలరావుగారే తన కారులో ఎక్కించుకుని అమలాపురం తీసుకెళ్ళారు. ఆవిడ మంచం పక్కన రాత్రి పన్నెండింటి దాకా కూర్చున్నారట. అది విన్నాక కూడా నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఒళ్ళు మండింది. మంచిపని తను ఉంచుకుని చెడ్డపని నాకు వదిలినట్టు.

ఇదంతా తెలిసే మర్నాడు పొద్దున ఆయనతో బేరం పెట్టాను. ఆయన వచ్చింది సరుకు తిరిగొచ్చినందుకు కాదు, ఇంకో మనిషి కాలకుండా చూడమని. ముందు నా మాట నాకు చెల్లిస్తేనే వస్తానన్నాను. పాకలో ఆయన ఆ మాట చెబుతుండగా పొయ్యి ముందు మీ నాన్న పీట ఖాళీగా ఉంది. చూశాను. చూసి కూడా తృప్తిపడ్డాను.

అచ్చాయమ్మ ఇంటికొచ్చి ఇరవై రోజులయింది. చెయ్యి మానుతోంది గాని వేళ్ళు ఇంకా ముడవలేదు. రోజూ వెళ్ళి అన్నం కలిపి నోట్లో పెట్టి వస్తున్నాను. అందుకే ములాఖత్‌కి రాలేదు అని చెప్పుకోవచ్చు. అది సగమే నిజం. మొన్న ముద్ద నమిలి మింగి, "ఆ భాస్కర్ సొంత జానతో కొలిచేసేడంట కదా వొదినా. నువ్వు సరిగ్గానే చెప్పేవంట. పాపం నువ్వేం జేత్తావ్" అంది. నేను ఇంకో ముద్ద కలిపాను.

సుద్ద తుడిచిన సంగతి అబ్బులుకి తెలీదు, వాన జల్లుకి పోయిందనుకున్నాడు. భాస్కర్ తన తప్పే అనుకుని తల దించుకుని రాజోలు వెళ్ళిపోయాడు. ఎవరికీ తెలీదు. నీకే ఎందుకు చెబుతున్నానంటే, మన ఇంట్లో చేసిన పనికి శిక్ష పడ్డవాడివి నువ్వొక్కడివే. నీకు ఆ క్షణంలో కళ్ళు కనిపించలేదు, కట్టె ఎత్తావు. నేను గుడ్డ తడిపి, పిండి, అంకె తరవాత అంకె తుడిచాను. నీ దెబ్బ నువ్వు కొట్టాలనుకున్న మనిషికే తగిలింది. నాది మీ నాన్నకి గంజి పోసిన చేతికి తగిలింది. ఇద్దరిలో ఎవరు లోపల ఉండాలో ఈ ఉత్తరం చదివే సారునే అడుగు.

రేపు పొద్దున్న దీన్ని పోస్టు డబ్బాలో వేసి, అటునించి అటే అచ్చాయమ్మ ఇంటికి వెళతాను. అన్నం కలపక ముందే చెబుతాను, తిన్నాక అయితే నోరు రాదు. నీకు శిక్ష వేసిన జడ్జిగారు అంతకు ముందు నిన్ను ఎరగరు. నాకు వెయ్యవలసిన మనిషి ఇవాళ మధ్యాహ్నం కూడా నా చేతి ముద్ద తిన్నది.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నీ అమ్మ,
వీరదుర్గ